‘అయ్యో!’ అనేలోపే...

తప్పు జరిగిన సెకనులో పదోవంతు కాలంలోనే మెదడులో ఓ గంట మోగుతుంది. కొందరిలో అది మంద్రంగా, మరికొందరిలో గణగణా మోగుతుంది. స్వభావాన్ని బట్టి, ఒత్తిడిని బట్టి, చిన్నప్పుడు తిన్న తిట్లను బట్టి కూడా దాని మోత మారుతుంది. మరి గంట గట్టిగా మోగేవాళ్లు తప్పులు తక్కువ చేస్తారా? చేయరంటున్నాయి మూడు దశాబ్దాల పరిశోధనలు!

పప్పులో ఉప్పేస్తాం. ఫోను మోగుతుంది. మాట్లాడి వచ్చి మళ్లీ ఉప్పేస్తాం. చెంచా ఇంకా చేతిలో ఉండగానే తెలిసిపోతుంది, వేసింది రెండోసారని.

బాసు గురించి స్నేహితుడికి రాసిన మెసేజి పొరపాటున బాసుకే పంపిస్తాం. మీట మీద నుంచి వేలు లేవకముందే గుండె గుభేలుమంటుంది.

పరీక్ష హాల్లో ముప్ఫై రెండో ప్రశ్న జవాబును ముప్ఫై మూడో ప్రశ్న దగ్గర దిద్దేస్తాం. సున్నా నిండీ నిండకముందే ఒళ్లు ఝల్లుమంటుంది.

గమనించారా? ఈ మూడింట్లోనూ ‘నువ్వు తప్పు చేశావ్’ అని పక్కనుంచి ఎవరూ చెప్పలేదు. పప్పు ఎవరూ రుచి చూడలేదు. బాసు మెసేజి చదవలేదు. జవాబు పత్రం ఎవరూ దిద్దలేదు. అయినా తెలిసిపోయింది. నాలుక కరుచుకున్నాం. చిత్రమేమిటంటే, నాలుక కరుచుకునేంత వ్యవధి కూడా అక్కర్లేదు మెదడుకి. అంతకుముందే అది పసిగట్టేస్తుంది. ఆ పసిగట్టే పద్ధతి ఏమిటి, అది అందరిలో ఒకేలా ఎందుకు ఉండదు, దానికీ మన స్వభావానికీ సంబంధమేంటి... శాస్త్రవేత్తలు మూడు దశాబ్దాలకు పైగా ఇదే పనిలో ఉన్నారు. వాళ్లు కనుక్కున్న సంగతులు పిల్లల్ని పెంచే ప్రతి ఇంటికీ పనికొచ్చేవే.

తలకు తీగల టోపీ

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష సన్నటి విద్యుత్ సంకేతాలు. 1924లో హన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు ఆ విద్యుత్తును మనిషి తల మీద నుంచి మొదటిసారి నమోదు చేశాడు. మూర్ఛ రోగులకు ఆసుపత్రుల్లో తీసే ఈఈజీ అలా పుట్టిందే. తలకు బోలెడన్ని తీగలున్న టోపీ తొడుగుతారు. కోత లేదు, నొప్పి లేదు. లోపలి అలజడి కంప్యూటరు తెరమీద గీతలుగా కనిపిస్తుంది.

1990ల మొదట్లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో మైఖేల్ ఫాల్కెన్‌స్టైన్ బృందం, అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో విలియం గెరింగ్ బృందం విడివిడిగా ఒకే పని చేశాయి. టోపీ తొడిగిన మనుషులతో కావాలనే తప్పులు చేయించాయి!

అదెలాగంటే... ఇలాంటి పరీక్షల్లో బాగా వాడేది బాణాల ఆట. తెరమీద వరసగా అయిదు బాణాలు కనిపిస్తాయి. మధ్యలో ఉన్న బాణం ఎటు చూపిస్తే అటువైపు మీట నొక్కాలి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పక్కనున్న నాలుగు బాణాలూ ఒక్కోసారి రెండో వైపు చూపిస్తుంటాయి. పైగా అవి తెరమీద ఉండేది రెప్పపాటు. వెంటవెంటనే నొక్కాలి, అలా వందలసార్లు. ఎంత చురుకైన వాళ్లయినా మధ్యమధ్యలో తప్పు మీట నొక్కేస్తారు.

సరిగ్గా అప్పుడు కనిపించింది ఆ గీత. తప్పు మీట నొక్కిన 50 నుంచి 100 మిల్లీ సెకన్లలోపు, అంటే సెకనులో పదోవంతు కూడా పూర్తికాకముందే, ఈఈజీలో ఓ పదునైన అల ఎగసింది. సరైన మీట నొక్కినప్పుడు అంత పెద్ద అల లేదు. దాని బలం మహా అయితే ఓల్టులో లక్షో వంతు. కానీ ఎవరిని కూర్చోబెట్టినా దాదాపు అక్కడే, అదే సమయానికి కనిపిస్తోంది. దానికి ‘ఎర్రర్ రిలేటెడ్ నెగెటివిటీ’ అని పేరుపెట్టారు. శాస్త్రవేత్తలు ముద్దుగా ఈఆర్ఎన్ అంటారు. మనం తేలిగ్గా తప్పుల గంట అనుకుందాం.

రెండు గంటలు

ఇంతకీ ఈ గంట ఉన్నదెక్కడ? నుదురు వెనక, మెదడు రెండు సగాలూ ఎదురెదురుగా ఉండే లోపలి గోడల్లో ‘యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్’ అనే భాగం ఉంది. అల ప్రధానంగా అక్కడే పుడుతోందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. నొప్పి, భావోద్వేగాలు, ‘ఇటా అటా’ అనే ఊగిసలాట... వీటన్నింటితోనూ ఆ భాగానికి సంబంధం ఉంది. తప్పు చేసినప్పుడు మనసు చివుక్కుమనడం ఊరికే కాదన్నమాట!

మొదటి గంట మోగాక కథ అయిపోదు. మరో 100 నుంచి 300 మిల్లీ సెకన్లు గడిచాక రెండో అల వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా ఏమిటో నెదర్లాండ్స్ పరిశోధకులు 2001లో ఓ చక్కని ప్రయోగంతో తేల్చారు. తెరమీద వెలుగు ఎటు కనిపిస్తే దానికి వ్యతిరేక దిశలో చూడమన్నారు. అలవాటు కొద్దీ చాలామంది కళ్లు వెలుగువైపే పరిగెత్తేవి. కొన్నిసార్లు ఆ సంగతి వాళ్లకు తెలిసేది, కొన్నిసార్లు తెలిసేదే కాదు. తెలిసినా తెలియకున్నా మొదటి గంట మోగింది. రెండో గంట మాత్రం ‘అరే, తప్పు చేశాను’ అని తెలిసినప్పుడే గట్టిగా మోగింది.

అంటే మొదటిది హెచ్చరిక. రెండోది ఎరుక. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. అసలు కిటుకంతా వీటి దగ్గరే ఉంది.

గంటల ప్రభావం ఒంటి మీదా పడుతుంది. తప్పు చేసిన మరుక్షణం గుండె కాసేపు నెమ్మదిస్తుంది, అరచేతిలో సన్నగా చెమట పడుతుంది. తర్వాతి ప్రశ్నకు మనకు తెలియకుండానే కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాం. ఈ చివరి సంగతిని ప్యాట్రిక్ రాబిట్ అనే శాస్త్రవేత్త 1966లోనే గమనించాడు. దెబ్బ తగిలిన కాలు ఆచితూచి అడుగేసినట్టే ఇదీను.

ఒక్కొక్కరిదీ ఒక్కో మోత

ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, గ్యాసు కట్టేశానో లేదో అని వెనక్కి వచ్చేవాళ్లు ఉంటారు. తలుపులు బార్లా తీసిపెట్టి సినిమాకెళ్లి, వచ్చాక ‘పోతే పోయిందిలే’ అనేవాళ్లూ ఉంటారు. ఒకే ఇంట్లో అక్క ఒకలా, తమ్ముడు ఒకలా. వాళ్ల తప్పుల గంటలు కూడా అలాగే ఉంటాయా?

2000లో గెరింగ్ బృందం ఈ ప్రశ్నకు ఓ జవాబు ఇచ్చింది. చేసిన పనినే పదేపదే సరిచూసుకుంటూ సతమతమయ్యే ఓసీడీ రోగుల్లో ఈ గంట మామూలు వాళ్లకన్నా గట్టిగా మోగుతోందని గుర్తించింది. చేతులు ఎంత కడిగినా మురికి పోలేదనిపించడం, గొళ్లెం ఎన్నిసార్లు చూసినా వేయలేదనిపించడం... ‘ఏదో తప్పు జరిగింది’ అని లోపల మోగుతున్న గంట ఆగకపోతే మనిషి పరిస్థితి అదేగా!

మూడేళ్ల తర్వాత, 2003లో, అమెరికాలోనే గ్రెగ్ హైచాక్ అనే యువ పరిశోధకుడు జబ్బేమీ లేని కాలేజీ విద్యార్థుల్ని పరీక్షించాడు. ప్రతిదానికీ మథనపడే విద్యార్థుల్లో అల పెద్దగా వచ్చింది. సాలీడును చూస్తే హడలిపోయే విద్యార్థుల్లో మాత్రం అలాంటి తేడా లేదు. అంటే ఎదురుగా ఉన్నదాన్ని చూసి భయపడటం వేరు, ఎదురుగా లేనిదాన్ని తలచుకుని కుమిలిపోవడం వేరు. తప్పుల గంటతో ముడిపడింది రెండోది. ‘ఏమవుతుందో, ఏమనుకుంటారో’ అనే గుణం అన్నమాట. వేర్వేరు చోట్ల జరిగిన అధ్యయనాలన్నింటినీ 2013లో ఒకచోట చేర్చి చూసిన మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు జేసన్ మోజర్ బృందం కూడా ఇదే మాట చెప్పింది. అంతకుముందు ఏడాది అదే బృందం కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, మథనానికీ గంటకూ ఉన్న ఈ సంబంధం అమ్మాయిల్లో కనిపించింది, అబ్బాయిల్లో కనిపించలేదు.

రెండో కొసనా మనుషులున్నారు. ముందూవెనకా చూడకుండా దూకేసే స్వభావం ఉన్నవాళ్లలో, మాదకద్రవ్యాలకు బానిసలైన కొందరిలో ఈ గంట మెల్లగా మోగుతున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి.

కెనడాలోని బ్రాక్ విశ్వవిద్యాలయంలో 2004లో మరో సంగతి బయటపడింది. తప్పుకు పడే వెల ఎక్కువా తక్కువా అన్నదాన్ని బట్టి ఆందోళన స్వభావం ఉన్నవారి గంట బాగా మారుతోంది. క్రమశిక్షణతో శ్రద్ధగా పనిచేసే స్వభావం ఉన్నవారిలో ఆ మార్పు తక్కువ. చిన్న పనికీ పెద్ద పనికీ వాళ్ల మెదడు ఇంచుమించు ఒకే శ్రద్ధ పెడుతోందన్నమాట.

ఈ మోత పుట్టుకతో వచ్చేదా? కవలల మీద అమెరికాలో చేసిన పరిశోధన 2008లో వెలువడింది. మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు సగం జన్యువులదని తేలింది. మిగతా సగం? పెంపకం, పరిసరాలు, అనుభవాలు.

గట్టిగా మోగితే మంచిదేగా!

అలాగే అనిపిస్తుంది. దొంగలొస్తే కుక్క గట్టిగా మొరగాలనే కోరుకుంటాం. కానీ ఆకు రాలినా, పిల్లి కదిలినా అదే పనిగా మొరిగితే? ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. దొంగతనాలేమీ తగ్గవు.

తప్పుల గంట విషయంలోనూ అంతే. గంట గట్టిగా మోగే ఆందోళనపరులు బాణాల ఆటలో మిగతావాళ్లకన్నా తప్పులు తక్కువేమీ చేయరు. వేగంలోనూ పెద్ద తేడా ఉండదు. ఫలితం ఒకటే, పడే కష్టం మాత్రం ఎక్కువ.

ఎందుకిలా? మోజర్ బృందం ఇచ్చిన వివరణ ఇది. ఒక పని చేసేటప్పుడు దానికి సంబంధించిన విషయాలను మెదడు కాసేపు చేతిలో పట్టుకుని ఉంచుతుంది. ఆ చేతిలో పట్టేది కొంచెమే. ‘తప్పు చేస్తానేమో, నవ్వుతారేమో’ అన్న ఆలోచనలు అందులో సగం చోటు ఆక్రమిస్తే పనికి మిగిలేది సగమే. ఆ లోటు పూడ్చడానికి మెదడు అదనంగా శ్రమపడుతుంది. ఆ అదనపు శ్రమే పెద్ద అలగా కనిపిస్తోందంటారు వాళ్లు. నెత్తిన నీళ్లబిందె పెట్టుకుని పరుగుపందెంలో దిగినట్టు! గెలవొచ్చు. కానీ ఎన్ని పందేలని అలా పరిగెత్తగలం?

ఒత్తిడి అనే పొయ్యి

స్వభావం ఒక పక్క. దానికి ఒత్తిడి తోడైతే?

ఒత్తిడి పూర్తిగా చెడ్డదేమీ కాదు. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. తేలిక పని నేర్చుకునేటప్పుడు షాక్ కాస్త గట్టిగా తగిలినా ఎలుకలు త్వరగానే నేర్చుకున్నాయి. కష్టమైన పనికి మాత్రం మధ్యస్థంగా ఉన్న షాక్ పనికొచ్చింది, గట్టిది చెడగొట్టింది. పొయ్యి మంటలాంటిదే ఒత్తిడి. అసలు లేకపోతే అన్నం ఉడకదు, మరీ ఎక్కువైతే మాడుతుంది.

మాడేదేమిటో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ ఆర్న్‌స్టెన్ ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఆలోచన, నిగ్రహం, ప్రణాళిక... వీటిని చూసుకునేది నుదురు వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఒత్తిడి అదుపు తప్పినప్పుడు నోరడ్రినలిన్, డోపమైన్ రసాయనాలు మోతాదు మించి విడుదలై ఆ భాగం పట్టు సడలుతుంది. పగ్గాలు పాత అలవాట్ల చేతికి వెళ్లిపోతాయి. ఇంటిదగ్గర గడగడా చేసిన లెక్క పరీక్ష హాల్లో గుర్తురాకపోవడం అందుకే. బుర్ర లేక కాదు, బుర్రకు పని చేసే వీలు లేక.

తప్పుల గంట మీదా ఒత్తిడి ప్రభావం ఉంటుంది. 2005లో హైచాక్ బృందం రెండు చిన్న ప్రయోగాలు చేసింది. మొదటిదాంట్లో కొన్ని జవాబులకు 5 పాయింట్లు, కొన్నింటికి 100 పాయింట్లు పెట్టారు. 100 పాయింట్ల దగ్గర తప్పు చేసినప్పుడు గంట గట్టిగా మోగింది. రెండోదాంట్లో ‘మీరెలా చేస్తున్నారో ఒకరు పరిశీలిస్తుంటారు’ అని చెప్పారు. అంతే, మోత పెరిగింది. నెగెటివ్ మార్కులుండే పరీక్షలో ఒళ్లంతా బిగుసుకుపోవడం, హోంవర్కు చేసేటప్పుడు నాన్న వెనక నిలబడి చూస్తుంటే పిల్లాడి చెయ్యి తడబడటం ఎందుకో ఇప్పుడు అర్థమైందిగా!

మూడేళ్ల తర్వాత ఆయనే ఇంకో సంగతి చూపించారు. తప్పు చేసిన వెంటనే పెద్ద శబ్దం వినిపిస్తే, సరిగ్గా చేసిన తర్వాత వినిపించినప్పటికన్నా మనిషి ఎక్కువగా ఉలిక్కిపడతాడు. గంట గట్టిగా మోగేవాళ్లలో ఆ ఉలికిపాటు మరీ ఎక్కువ. మెదడు లెక్కలో తప్పు అంటే చిన్నపాటి ప్రమాదమే మరి.

గంట మూగబోయే సందర్భాలూ ఉన్నాయి. మద్యం తాగినవాళ్లలో ఈ అల చిన్నబోతుందని 2002లో డచ్ శాస్త్రవేత్తలు నిరూపించారు. తాగి బండి నడిపేవాడు ‘నేను బాగానే నడుపుతున్నా’ అని వాదించడానికి కారణం మొండితనం ఒక్కటే కాదు. తప్పును పట్టే గంటే సరిగా మోగడం లేదు! రాత్రంతా నిద్ర లేనివాళ్లలోనూ ఈ అలలు బలహీనపడినట్టు కొన్ని అధ్యయనాలు గమనించాయి. పరీక్ష ముందురోజు తెల్లవార్లూ చదివే పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

అసలు తప్పు ఆ క్షణంలో పుట్టేది కూడా కాదేమో! నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ ఐకెలే బృందం 2008లో మెదడును స్కాన్ చేస్తూ బాణాల ఆటే ఆడించింది. తప్పు జరగడానికి దాదాపు 30 సెకన్ల ముందు నుంచే మెదడులో మార్పులు మొదలయ్యాయి. విశ్రాంతిలో చురుగ్గా ఉండే భాగాలు మెల్లగా మేల్కొన్నాయి, పని మీద దృష్టి నిలిపే భాగాలు మెల్లగా జారిపోయాయి. పాలు పొంగేది ఒక్క క్షణంలోనే. కానీ అవి కాగడం ఎప్పుడో మొదలైంది.

తిట్టినకొద్దీ...

ఇక మన ఇళ్లలోకి వద్దాం. ‘తిడితేనే దార్లోకొస్తారు’ అన్నది చాలామంది పెద్దల నమ్మకం. మెదడు మాత్రం వేరేలా చెబుతోంది.

2012లో వెలువడిన ఓ అధ్యయనంలో విద్యార్థులతో బాణాల ఆటలాంటిదే ఆడించారు. కొన్నిసార్లు తప్పు చేస్తే చెవులు అదిరే శబ్దం వినిపించేది. ఆ తప్పులకు గంట గట్టిగా మోగింది. అందులో వింతేం లేదు. కాసేపటికి శబ్దం ఆపేశారు. శిక్ష పోయింది, మోత మాత్రం తగ్గలేదు! ఆందోళన స్వభావం ఉన్నవాళ్లలో శిక్ష ప్రభావం ఇంకా ఎక్కువగా కనిపించింది.

ప్రయోగశాలలో కాసేపు వినిపించిన శబ్దానికే ఇలా ఉంటే, రోజూ ఇంట్లో వినిపించే కేకల మాటేమిటి? న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండ్రియా మేయర్ తదితరులు వందలాది చిన్నారులను మూడేళ్ల వయసు నుంచి గమనించారు. తల్లిదండ్రులు పిల్లలతో ఎలా ఉంటున్నారో వాళ్లనే అడిగారు, స్వయంగానూ చూశారు. ఆ పిల్లలకు ఆరేళ్లు వచ్చాక ఈఈజీ తీశారు. మూడేళ్లప్పుడు కఠినమైన పెంపకంలో ఉన్నవారికి ఆరేళ్లప్పుడు తప్పుల గంట గట్టిగా మోగుతోంది. ఆందోళన సమస్యలతోనూ దానికి సంబంధం కనిపించింది. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

దీని అర్థం ఒకసారి కసిరితే పిల్లాడి మెదడు పాడైపోతుందని కాదు. సంబంధం వేరు, కారణం వేరు. పుట్టుకతో వచ్చిన స్వభావం పాత్ర కూడా ఉంటుంది. కానీ ఒక్కటి గమనించండి. గంట గట్టిగా మోగినంత మాత్రాన తప్పులు తగ్గవని పైన చెప్పుకున్నాం. అంటే తిట్లతో మనం పెంచుతున్నది పిల్లల భయాన్ని. జాగ్రత్తను కాదు.

ఇంకో మాట. తప్పుల గంట పసితనంలోనే పూర్తిస్థాయికి రాదు. బాల్యం నుంచి యవ్వనం దాకా అది పెరుగుతూనే ఉంటుంది. ఏడేళ్ల పిల్లాణ్ని పట్టుకుని ‘ఎన్నిసార్లు చెప్పాలిరా, అదే తప్పు మళ్లీ చేస్తావ్’ అంటే వాడేం చేస్తాడు? పెద్దవాళ్ల గంట వాడికింకా రాలేదు.

రెండో గంట మన చేతిలో

మరి చేయగలిగింది ఏమీ లేదా? ఉంది. మొదటి గంట మన అదుపులో లేదు. సెకనులో పదోవంతులో మోగేదాన్ని ఎవరాపగలరు? కానీ ఆ తర్వాత ఏం చేస్తామన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది.

2011లో మోజర్ బృందం పాతిక మంది విద్యార్థులను పరీక్షించింది. ‘తెలివితేటలు పుట్టుకతో వచ్చేవి, మారవు’ అని నమ్మేవాళ్లు కొందరు. ‘సాధనతో పెరుగుతాయి’ అని నమ్మేవాళ్లు కొందరు. రెండో రకం వాళ్లలో రెండో గంట, అంటే ఎరుక గంట, గట్టిగా మోగింది. తప్పు చేసిన వెంటనే వచ్చిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పడంలోనూ వాళ్లే మెరుగు. తప్పు నుంచి ముఖం తిప్పుకోకుండా దానివైపే చూశారన్నమాట. చిన్న అధ్యయనమే, కానీ దారి చూపించేది.

ఓసీడీతో బాధపడుతున్న పిల్లల మీద 2008లో చేసిన పరిశోధన మరో ధైర్యం ఇస్తుంది. ఆలోచననూ ప్రవర్తననూ మార్చే చికిత్సతో ఆ పిల్లలు బాగా కోలుకున్నారు. విచిత్రంగా, వాళ్ల తప్పుల గంట మాత్రం ముందులాగే గట్టిగా మోగుతోంది! గంట తగ్గకపోయినా మనిషి బాగుపడొచ్చు. దాని మోతకు బెదిరిపోకుండా ఉండటం నేర్చుకుంటే చాలు.

కాగితం, కలం కూడా కొంత పనికొస్తాయి. ప్రతిదానికీ మథనపడే విద్యార్థులతో మిషిగన్ స్టేట్ పరిశోధకులు ఎనిమిది నిమిషాలపాటు తమ దిగుళ్లన్నీ కాగితం మీద రాయించి, తర్వాత ఆట ఆడించారు. వేగం, కచ్చితత్వం మిగతావాళ్లలాగే ఉన్నాయి, తప్పుల గంట మాత్రం తక్కువగా మోగింది. నెత్తి మీద బిందె కాసేపు దించినట్టయింది. పరీక్షకు ముందు ఇలా రాస్తే మార్కులు పెరుగుతాయని 2011లో షికాగో పరిశోధకులు చెప్పారు. తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి మార్కుల మంత్రంలా కాకుండా, మనసు తేలికపడటానికి రాసుకోవచ్చు.

అన్నట్టు, తప్పుల గంటను కొలిచి ‘నీ స్వభావం ఇదీ’ అని తేల్చే పరీక్షేదీ లేదు. ఎవరైనా అలా చెబితే నమ్మకండి. ఆందోళనకూ గంటకూ ఉన్న సంబంధం మొదట అనుకున్నంత బలమైనది కాకపోవచ్చని 2020లో వచ్చిన ఓ విశ్లేషణ చెప్పింది. వేలమంది సగటులో కనిపించే తేడా అది, ఒక మనిషి జాతకం కాదు. గంటలకొద్దీ తలుపు గొళ్లాలు చూసుకోవడం, తప్పు చేస్తానన్న భయంతో బడికో ఆఫీసుకో వెళ్లలేకపోవడం లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవాలి. దానికి చికిత్స ఉంది.

బయటి గంటలు

లోపలి గంట ఎంత చురుకైనదైనా అది మోగేది తప్పు జరిగాకే. ఉప్పు విషయంలో ఫరవాలేదు. విమానం, ఆపరేషన్ థియేటర్, రైలింజన్ అయితే? చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. అందుకే ముందే మోగే గంటలు బయట పెట్టుకున్నాడు మనిషి.

1935లో అమెరికాలో బోయింగ్ కంపెనీ కొత్త బాంబర్ విమానం ప్రయోగాత్మకంగా ఎగిరి కూలిపోయింది. నడిపినవాళ్లు ఆరితేరినవాళ్లే. నేల మీద ఉన్నప్పుడు రెక్కలూ తోకా గాలికి కదలకుండా వేసే లాకు తీయడం మరిచిపోయారు, అంతే. పైలట్లు వరసగా చదువుకుంటూ సరిచూసుకునే చెక్‌లిస్టు ఆ ప్రమాదం నుంచే పుట్టింది.

అదే సూత్రంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సలకు చెక్‌లిస్టు తయారుచేసింది. రోగి పేరేంటి, ఆపరేషన్ ఎక్కడ, దూది గుడ్డలన్నీ లెక్కకొచ్చాయా... అన్నీ పైకి చదివి సరిచూసుకోవాలి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని ప్రయత్నిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు.

మన రైలింజన్లలో లోకో పైలట్, అసిస్టెంటు ప్రతి సిగ్నల్‌నూ చూసి దాని రంగును ఒకరికొకరు పైకి చెప్పుకోవాలన్నది నియమం. చూసేవాళ్లకు చాదస్తంలా ఉంటుంది. కానీ కన్ను, నోరు, చెవి మూడూ కలిసి జారిపోతున్న దృష్టిని పట్టి లాగుతాయి. మనిషి పొరబడినా రైలు ఆగేలా తెచ్చిందే ‘కవచ్’ వ్యవస్థ. దక్షిణ మధ్య రైల్వేలోనే మొదట దాన్ని పరీక్షించారు. 2022 మార్చిలో సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి సమక్షంలో ప్రదర్శించారు కూడా. వీటన్నింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. వాణ్ని భయపెట్టడం కన్నా పొరపాటును ముందే పట్టుకునే ఏర్పాటు చేయడం మేలు.

మీరూ చేసి చూడండి!

తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నులతో రంగుల పేర్లు రాయండి. ‘ఎరుపు’ అన్న మాటను నీలం పెన్నుతో, ‘పచ్చ’ అన్నదాన్ని ఎరుపుతో, ‘నీలం’ అన్నదాన్ని నలుపుతో... అలా ఓ ఇరవై. ఇప్పుడు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ చూపించండి. రాసిన మాట చదవకూడదు, సిరా రంగు చెప్పాలి. అదీ గబగబా. ‘ఎరు... కాదు కాదు, నీలం!’ అంటూ అందరూ తడబడతారు. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ పరిశోధనతో పేరొందిన పరీక్ష ఇది. ‘ఎరు...’ దగ్గర నాలుక ఆగిపోతుంది చూశారూ, తప్పుల గంట పని చేయడమంటే అదే.

రెండోసారి ఆడించేటప్పుడు చిన్న మార్పు చేయండి. తప్పు చెప్పినవాళ్లను మిగతావాళ్లు గట్టిగా వెక్కిరించాలి. మూడోసారి ఎవరూ ఏమీ అనకుండా ఓపిగ్గా చూడాలి. ఎప్పుడు ఎలా చేశారో, ఎలా అనిపించిందో పిల్లల్నే అడగండి.

ఈసారి ప్రోగ్రెస్ రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఓ సంగతి గుర్తుంచుకోండి. తప్పు చేశానని మీ అబ్బాయికి తెలుసు. మీరు చెప్పకముందే, బహుశా టీచరు దిద్దకముందే వాడి మెదడు వాడికి చెప్పేసింది. మీరు మళ్లీ అదే గంట కొట్టక్కర్లేదు. ‘ఎక్కడ పొరపాటు పడ్డావు నాన్నా, చూద్దాం రా’ అని పక్కన కూర్చుంటే చాలు. వాడికి కావలసిన రెండో గంట అదే!